ఆమా ఇచ్చిన గింజలు మొలకెత్తవు

అల్మోరా బయల్దేరేముందు నా లిస్టులో మూడే ఉన్నాయి. కైంచీ ధామ్ దర్శనం, మంచు కొండల మీద సన్‌రైజ్, బాల్ మిఠాయి. గంజాయి గింజల చట్నీ ఆ లిస్టులో లేదు.

అక్టోబర్ చివర్లో వెళ్లాం, నేనూ నా రూమ్మేటూ. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదామ్. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. తర్వాతంతా కొండ దారి, షేర్ టాక్సీ. మూడు గంటలే అన్నాడు డ్రైవర్. కైంచీ ధామ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐదు గంటలు చేశాడు. స్టీవ్ జాబ్స్, జుకర్‌బర్గ్, కోహ్లీ వచ్చిన చోటు కదా, ఇప్పుడు దేశంలో సగం మంది అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

మేం దిగిన హోమ్‌స్టే అల్మోరా దాటాక బిన్సర్ వైపు వెళ్లే దారిలో ఓ చిన్న ఊళ్లో ఉంది. రాతి గోడలు, పలకరాళ్ల కప్పు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. రాగి రొట్టె, ఆలూ గుట్కే, ఇక్కడివాళ్లు 'గహత్' అనే పప్పు. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, అవి మన ఉలవలే. పక్కన చిన్న గిన్నెలో బూడిద రంగు పచ్చడి. పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, వాటి కింద నువ్వుల్లాంటి వేరుశనగల్లాంటి ఏదో కమ్మదనం. మూడోసారి వడ్డించుకుంటుంటే అడిగా, ఇదేంటని.

"భాంగ్ కీ చట్నీ" అంది వడ్డిస్తున్న పెద్దావిడ.

మా వాడు రొట్టె ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "మామా, భాంగ్ అంటే గంజాయేగా? ఆఫీసులో టెస్ట్ చేస్తే?"

ఆవిడ నవ్వింది. మాలాంటి మొహాలు చాలానే చూసినట్టుంది.

ఒకే మొక్క, మూడు పనులు

కుమావూలో బామ్మని 'ఆమా' అంటారు. మేమూ అలాగే పిలిచాం. భోజనమయ్యాక ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. కోసిన మొక్కలు రాళ్ల గట్టుకి ఆనించి ఎండబెట్టి ఉన్నాయి, నా తలకంటే ఎత్తు. కింద పాత దుప్పటి పరిచి, మొక్కని వంచి కర్రతో కొడుతోంది. గింజలు జలజలా రాలుతున్నాయి. వాటిని చేటలో వేసుకుని చెరుగుతోంది. మా అమ్మమ్మ కందులు చెరిగినట్టే, అదే మణికట్టు విసురు.

గింజ మిరియం కంటే చిన్నది. బూడిద రంగు మీద గోధుమరంగు గీతలు, ఎవరో పెన్నుతో గీసినట్టు.

ఇక్కడ ఓ సైన్స్ ముక్క చెప్పాలి. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం ఆడ మొక్క పూత మీదుండే జిగురు గ్రంథుల్లో ఎక్కువగా తయారవుతుంది. గింజ లోపల తయారవదు. మన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే 1985 నాటి మత్తుమందుల చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. ఆ చట్టం ప్రకారం 'గంజాయి' అంటే పూత, కాయ ఉన్న చివర్లు. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. 2021లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ గింజల్ని ఆహారంగా గుర్తించి ప్రమాణాలు పెట్టింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములకి మించకూడదు. సో, మా వాడి ఉద్యోగానికి ఢోకా లేదు.

గింజ తినడానికి. కాండం మీది నార తాళ్లకి, సంచులకి. ఒకప్పుడు ఈ నారతోనే బట్టలు కూడా నేసేవాళ్లు, గఢ్వాల్ వైపు 'భంగేలా' అంటారట. డిక్షనరీలో హెంప్ అని వెతికితే తెలుగులో 'జనపనార' అని చూపిస్తుంది కానీ మన జనుము వేరు, పసుప్పచ్చ పూలు పూసే వేరే జాతి మొక్క అది. ఇది అచ్చంగా గంజాయి మొక్కే. మూడో పని మీకు తెలుసు, పూత నుంచి తీసే మత్తు. మన దగ్గర వార్తల్లోకి ఎక్కేది ఆ మూడోది ఒక్కటే.

నాటు అంటే ఏంటి?

"ఈ విత్తనం ఎక్కడ కొంటారు ఆమా?" అని అడిగా.

"కొనడమేంటి బేటా? మా అత్తగారిచ్చింది. ఆవిడకి వాళ్ల అత్తగారిచ్చింది."

బ్రీడింగ్ సైన్స్‌లో దీనికో పేరుంది, 'ల్యాండ్‌రేస్'. మన భాషలో నాటు రకం, దేశవాళీ. ఏ కంపెనీ తయారుచేసింది కాదు. ఒక ఊళ్లో, ఒక ఎత్తులో, ఒక వాన తీరులో తరాల తరబడి విత్తుతూ, బాగున్నవాటి గింజ దాచుకుంటూ పోతే తయారయ్యే రకం. సగం పని ప్రకృతి చేస్తే సగం ఆమా లాంటివాళ్లు చేశారు.

ఆమా చేనులో మొక్కల్ని చూస్తే ఇంకోటి అర్థమైంది. ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి పొడుగ్గా కొమ్మల్లేకుండా, ఇంకొకటి గుబురుగా. కొన్ని ముందే ఎండాయి, కొన్ని ఇంకా పచ్చగా ఉన్నాయి. హైబ్రిడ్ చేనులో అయితే అన్నీ ఒకే ఎత్తు, ఒకే రోజు కోత. నాటు రకం అంటే ఒక మొక్క కాదు, ఒక గుంపు. వాన ఎక్కువైతే కొన్ని పోతాయి, కొన్ని నిలబడతాయి. మంచు తొందరగా పడితే ముందే పండినవి మిగులుతాయి. ఏ ఏడు ఎలా ఉన్నా మర్నాటికి గింజ మిగలడమే దాని డిజైన్.

నాలాంటి కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే బ్రీడర్ తయారుచేసే కొత్త రకం ఒక యాప్. నాటు రకం దాని సోర్స్ కోడ్.

మాది ఒంగోలు దగ్గర పల్లె కాబట్టి నాకు ఇంకో ఉదాహరణ గుర్తొచ్చింది. మన ఒంగోలు పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి 'నెలోర్' అయ్యాయి, మన నెల్లూరు పేరే. ఇవాళ అక్కడి మాంసం పశువుల్లో ప్రధానమైన జాతి అదే. అమెరికా 'బ్రాహ్మన్' జాతిలోనూ మన నెత్తురుంది. ఎండని, పురుగుని తట్టుకునే ఆ గుణాన్ని ఏ ల్యాబూ తయారుచేయలేదు. మన బీళ్లలో తయారైంది.

హిమాలయం నుంచి కాలిఫోర్నియాకి

గంజాయి మొక్క కథ కూడా అంతే. 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చిన ఓ పరిశోధన 110 మొక్కల పూర్తి జన్యుక్రమాల్ని పోల్చి, దాదాపు 12,000 ఏళ్ల కిందట తూర్పు ఆసియాలో మనిషి దీన్ని మచ్చిక చేసుకున్నాడని తేల్చింది. అక్కడి నుంచి కొండలు దాటుకుంటూ అన్ని దిక్కులకీ పోయింది. చేరిన ప్రతిచోటా అక్కడి నేలకి తగ్గట్టు మారింది. చలీ ఎండా రెండూ గట్టిగా ఉండే అఫ్ఘాన్ కొండల్లో పొట్టిగా, తొందరగా పూసేదిగా. వానాకాలం పొడుగ్గా ఉండే ఉష్ణ ప్రాంతాల్లో ఎత్తుగా, ఆలస్యంగా పూసేదిగా. ఇటలీలో టురిన్ దగ్గరి కార్మాన్యోలాలో నార కోసం పొడుగాటి కాండంతో.

బ్రీడర్లు పట్టుకున్నది ఈ తేడాల్నే. 1960లు, 70ల్లో హిప్పీలు ఇస్తాంబుల్ నుంచి కాబూల్ మీదుగా కాఠ్మండు దాకా బస్సుల్లో తిరిగారు. తిరిగి వెళ్లేటప్పుడు జేబుల్లో గింజలు తీసుకెళ్లారు. 70ల్లో కాలిఫోర్నియాలో పుట్టిన 'స్కంక్ నంబర్ వన్' అనే హైబ్రిడ్‌కి అఫ్ఘానిస్తాన్, కొలంబియా, మెక్సికో నాటు రకాలు తల్లిదండ్రులు. ఆ తర్వాత వచ్చిన లెక్కలేనన్ని రకాలకి మూలం ఇలాంటి కొన్ని సంకరాలే. అటు నార కోసం, గింజల నూనె కోసం యూరప్‌లో పెంచే హెంప్ రకాల వెనకా కార్మాన్యోలా లాంటి నాటు రకాలున్నాయి.

అంటే ఇవాళ వేల కోట్ల వ్యాపారం కింద పునాది రాళ్లు ఎవరో పేరు తెలియని రైతులవి. ఆ రాళ్లకి రాయల్టీ లేదు సరే, కనీసం అవి ఉన్నచోట ఉంటాయా అన్నది ఇప్పుడు ప్రశ్న.

0.3 అనే నంబర్

సాయంత్రం పెరట్లో టీ తాగుతుంటే ఆమా మనవడు వచ్చాడు. హల్ద్వానీలో పనిచేస్తాడు, దీపావళికి వచ్చాడు. మా వయసే. లైసెన్స్ గురించి వాడే చెప్పాడు.

2018లో దేశంలోనే మొదటిసారి ఉత్తరాఖండ్ పారిశ్రామిక హెంప్ సాగుకి లైసెన్స్ ఇచ్చింది. నారకీ గింజకీ గవర్నమెంటు అనుమతితో సాగు చేసుకునే వీలు ఎన్‌డీపీఎస్ చట్టంలోని 14వ సెక్షన్‌లోనే ఉంది. బట్టలు, నూనె, కట్టడాలకి వాడే ఇటుకలు, బోలెడు ఆశలు. ఒక షరతు మాత్రం ఉంది. పంటలో టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు.

"మా ఆమా గింజ ఆ పరీక్ష పాసవుతుందన్న నమ్మకం నాకు లేదు భయ్యా" అన్నాడు.

వాడి అనుమానం ఊరికే కాదు. హిమాలయాల నాటు రకాల్లో చాలావాటిలో టీహెచ్‌సీ 0.3 కంటే ఎక్కువే ఉంటుంది. తరతరాలుగా గింజ కోసం, నార కోసం ఎంచుకున్నారు కానీ టీహెచ్‌సీ కొలిచి ఎవరూ ఎంచలేదు కదా.

మరి ఈ 0.3 ఎక్కడిది? రాత్రి నెట్‌వర్క్ దొరికినంతసేపు వెతికా. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు 'టాక్సన్' అనే పత్రికలో ఓ వ్యాసం రాశారు. ఈ మొక్కని రెండు ఉపజాతులుగా విడదీయడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. లేత ఆకుల ఎండు బరువులో 0.3 శాతం టీహెచ్‌సీ దగ్గర గీశారు. అది సౌకర్యం కోసం పెట్టుకున్న గీతే అని వాళ్లే చెప్పారు. ఇంత దాటితే మత్తు, దాటకపోతే మందు అని ఏ వైద్యుడూ తేల్చిన లెక్క కాదు. వర్గీకరణ కోసం పెట్టిన ఆ నంబర్ ఒక్కో దేశం చట్టంలోకి ఎక్కింది. అమెరికా 2018 ఫార్మ్ బిల్‌లో ఉన్నదీ అదే. స్విట్జర్లాండ్ మాత్రం 1 శాతం దాకా ఒప్పుకుంటుంది.

ఎవరో టెంపరరీగా పెట్టిన వాల్యూ ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయి, తర్వాత దాన్ని ముట్టుకోవడానికి టీమ్‌లో అందరూ భయపడటం మన ఫీల్డ్‌లో చూస్తూనే ఉంటాం. ఇదీ అంతే.

సరే, తక్కువ టీహెచ్‌సీ ఉన్న యూరప్ విత్తనం తెప్పించి వేస్తే పోలేదా? ఇక్కడే మొక్క అడ్డం తిరుగుతుంది. గంజాయి మొక్క రాత్రి ఎంత పొడుగుందో చూసి పూతకొస్తుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో నడి వేసవిలో పగలు దాదాపు 16 గంటలు. అల్మోరాలో 14 గంటలు. అక్కడి రకాన్ని తెచ్చి ఇక్కడ వేస్తే, రాత్రులు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి సీజన్ అయిపోతోందనుకుని, ఎదగకముందే పూసేస్తుంది. మొక్క పొట్టిగా ఆగిపోతే నారా తగ్గుతుంది, గింజా తగ్గుతుంది. ఆమా మొక్కకి ఆ కన్ఫ్యూజన్ లేదు. ఈ కొండ గడియారం దాని ఒంట్లోనే ఉంది.

అందుకే అసలు దారి బ్రీడింగే. ఇక్కడి నాటు మొక్కల్లోంచే టీహెచ్‌సీ తక్కువున్నవాటిని ఏరి, తరం తర్వాత తరం ఎంపిక చేసుకుంటూ పోవాలి. జమ్మూలో సీఎస్‌ఐఆర్ వాళ్ల ఐఐఐఎం సంస్థ ఈ మొక్క మీద పరిశోధన చేస్తోంది. పక్క రాష్ట్రం హిమాచల్ కూడా 2025లో నియంత్రిత సాగు మీద పైలట్ స్టడీకి ఒప్పుకుంది. ఈ పనులన్నిటికీ కావాల్సిన ముడిసరుకు ఒకటే, ఆమా దుప్పటి మీద రాలుతున్న గింజ.

గాలి ఎవరి మాటా వినదు

ఇంకో చిక్కుంది. ఈ మొక్కల్లో మగవి వేరు, ఆడవి వేరు. పుప్పొడిని మోసేది గాలి. ఎంత దూరం అంటే, మొరాకోలోని గంజాయి చేల పుప్పొడి మధ్యధరా సముద్రం దాటి దక్షిణ స్పెయిన్‌లోని మాలగా దాకా చేరిందని 1990ల్లోనే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. పక్క కొండ మీద ఎవరైనా బయటి రకం వేస్తే, ఆమా విత్తనం కొన్నేళ్లలో ఆమా విత్తనంగా మిగలదు. కంచె కట్టి ఆపేది కాదు.

ఆ మొరాకోలోనే రీఫ్ కొండల్లో 'బెల్దియా' అనే నాటు రకం ఉంది. బెల్దియా అంటే మన 'నాటు' లాంటి మాటే. వాన నీళ్లతోనే బతుకుతుంది. దిగుబడి ఎక్కువని రైతులు యూరప్ హైబ్రిడ్ల వైపు వెళ్లారు. వాటికి ఎండాకాలమంతా నీళ్లు కట్టాలి, కొండల్లో నీళ్లు అడుగంటాయి. 2021లో మొరాకో మందులకీ పరిశ్రమకీ సాగుని చట్టబద్ధం చేశాక, బెల్దియాని కూడా అనుమతి ఉన్న పంటల్లోకి తెచ్చింది. నాటు రకాన్ని పూర్తిగా పోగొట్టుకోకముందే వెనక్కి తిరిగారు.

పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో లిస్టర్ డ్యూయీ అనే వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త గత శతాబ్దం మొదట్లో చైనా నుంచి వచ్చిన కెంటకీ హెంప్‌లోంచి రెండు దశాబ్దాల పాటు ఎంపిక చేసి మంచి నార రకాలు తయారుచేశాడు. తర్వాత చట్టాలు బిగుసుకున్నాయి, సాగు ఆగింది. ఏటా విత్తితేనే బతికే గింజ కదా, డబ్బాల్లో చచ్చిపోయింది. 2018లో అమెరికా మళ్లీ హెంప్‌కి తలుపు తెరిచేసరికి, సొంత విత్తనం లేక బయటి దేశాల వైపు చూడాల్సొచ్చింది.

రష్యాలో దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వావిలోవ్ పేరు మీదున్న విత్తన సంస్థ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నగరాన్ని జర్మన్లు చుట్టుముట్టినప్పుడు, అక్కడి శాస్త్రవేత్తల్లో కొందరు చుట్టూ బస్తాల్లో ధాన్యం పెట్టుకుని కూడా ఆకలితో చచ్చిపోయారు. విత్తనాన్ని ముట్టలేదు. ఆ సంస్థలో హెంప్ నాటు రకాల గింజలు ఇప్పటికీ ఉన్నాయి.

మన మన్యం సంగతి

ఇదంతా చదువుతూ మీకు పాడేరు గుర్తొచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. అక్కడ పండేది చట్నీకి కాదు, నారకి కాదు. బయటి దళారుల కోసం. లాభం వాళ్లకి, జైలు గిరిజన కుర్రాళ్లకి. లైసెన్స్ లేని సాగుకి పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆ తోటల్ని నేను వెనకేసుకురావడం లేదు. రీల్స్ చూసి మలానా, కసోల్ వెళ్లి కొనుక్కుని కేసుల్లో ఇరుక్కునే మన కుర్రాళ్లనీ వెనకేసుకురాను.

కానీ ఒకటుంది. మత్తు మీద యుద్ధం చేయడం, మొక్క జాతి మొత్తాన్ని చెరిపేయడం ఒకటి కాదు. మొదటిది పోలీసుల పని. రెండోది జరక్కుండా చూడటం విత్తన బ్యాంకుల పని. వచ్చేటప్పుడు మేం భోవాలీ మీదుగానే వచ్చాం. అక్కడ జాతీయ విత్తన బ్యాంకు ఎన్‌బీపీజీఆర్ ప్రాంతీయ కేంద్రం ఉందని నాకు తర్వాత తెలిసింది. కొండ పంటల నాటు రకాల్ని సేకరించి దాచడమే వాళ్ల పని. కైంచీ ధామ్ ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ దాని పక్కనుంచే వచ్చేశాం.

బ్యాంకు అవసరమే, అదొక్కటే చాలదు. ఫ్రీజర్‌లో పెట్టిన గింజ ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. ఆమా చేనులో గింజ మాత్రం ఏటా కొత్త వానని, కొత్త తెగులుని చూస్తూ మారుతుంది. వాతావరణం ఇలా తిరగబడుతున్న రోజుల్లో బ్రీడర్‌కి రెండూ కావాలి.

వచ్చే ఏడు ఎవరు వేస్తారు?

బయల్దేరే రోజు పొద్దున్న అడిగా, "ఆమా, మీ తర్వాత ఇది ఎవరు వేస్తారు?"

మనవడి వైపు చూసింది. వాడు ఫోన్ వైపు చూశాడు. ఊళ్లో సగం ఇళ్లకి తాళాలే. కొండ కింద ఉద్యోగాలున్నాయి, పైన కోతులూ అడవిపందులూ ఉన్నాయి. వాణ్ని ఏమనడానికి నాకు మొహం లేదు. మా అమ్మమ్మ కంది విత్తనానికి బూడిద కలిపి కుండలో దాచేది, మూతికి పేడ మెత్తేది. ఆవిడ పోయాక ఆ కుండ ఏమైందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ కంది ఏ రకమో కూడా తెలీదు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉన్నా అప్పుడు. సెమిస్టర్ ఎగ్జామ్స్ అని వెళ్లలేదు.

ఆమా లోపలికెళ్లి ఓ పొట్లం తెచ్చింది. చట్నీకని గింజలు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"వేయించినవి" అంది. "ఇంటికెళ్లి మీ అమ్మకి చేసిపెట్టు. వేయించినవి మొలవవు, భయం లేదు."

పచ్చి గింజలు పైన అటక మీద ఆనపకాయ బుర్రలో ఉన్నాయి. నేను అడగలేదు, ఆమా ఇవ్వలేదు. అవి ఆ కొండవి. మార్చిలో ఎవరో ఒకరు దాన్ని కిందికి దించాలి.

హైదరాబాద్ వచ్చాక అమ్మకి చట్నీ చేసిపెట్టా. నిమ్మకాయ ఎక్కువైందంది. దేంతో చేశానో తిన్నాక చెప్పా. కాసేపు తిట్టింది. తర్వాత తనే అంది, "మీ అమ్మమ్మ దగ్గర ఓ ఎర్ర కంది ఉండేదిరా, తొందరగా ఉడికేది. మళ్లీ ఎక్కడా చూళ్లేదు."

దీపావళి సెలవులు అయిపోయాయి. ఆమా మనవడు ఈపాటికి హల్ద్వానీ వెళ్లిపోయే ఉంటాడు. నంబర్ తీసుకున్నా. మార్చిలో ఓ మెసేజ్ పెట్టాలి.